సైలస్ రాయి

టాల్మన్ ఫెర్రీ, జార్జియా
మార్చి 9, 2021

చెల్లి అల్తియాకు, అన్న లెమ్యుయల్ రాసేది.

ఫోనుండగా ఉత్తరమేమిటని విసుక్కోకు. మొన్న స్నానానికి వెళ్తూ చెవిలో యంత్రం తీయడం మరిచాను. అది నీళ్లు తాగి చచ్చింది. కొత్తది వచ్చేదాకా ఫోనంటే నాకు లోపల తేనెటీగ ఇరుక్కున్న డబ్బా. పైగా ఉత్తరంలో అయితే నువ్వు నా మాటకి అడ్డు రాలేవు.

సంగతేమిటంటే, కోర్టు ముందు పార్కులోంచి సైలస్ రాయి తీసేయాలని ఊళ్లో గొడవ మొదలైంది. రాష్ట్రమంతా బానిసత్వం నాటి రాళ్ల మీద తగువులే కదా, మన ఊరి వంతు ఇప్పటికి వచ్చింది. ఆ రాయి కథ నీకు తెలియనిది కాదు గానీ, మొదటి నుంచి చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. స్మారక మహిళా సంఘం దొరసానులు 1908లో నిలబెట్టారు. తలుపు ముందు టోపీ చేతపట్టుకుని వంగి నిలబడ్డ నల్లవాడి బొమ్మ. కింద, 'యుద్ధమంతా తన యజమానురాలి ఇల్లు కాచిన నమ్మినబంటు సైలస్‌కు'. మన ముత్తాత. ఇల్లు కాచిన మాట నిజమే. ఆయన పెళ్లాన్నీ ఇద్దరు పిల్లల్నీ ఆ యజమానురాలు నలభై మైళ్ల అవతల చెల్లెలింట్లో పెట్టించింది. సైలస్ పారిపోయిన మర్నాడు వాళ్లని అమ్మేస్తామని చెప్పింది. ఆ ముక్క చెక్కడానికి రాతి మీద చోటు చాల్లేదు కాబోలు.

నిన్న హాబ్‌గుడ్ వకీలు వచ్చాడు. పూర్వీకుల గౌరవ సమితి అధ్యక్షుడు. వెన్న కేకు తెచ్చాడు. "లెమ్యుయల్ గారూ, మీ కుటుంబం ఉండనివ్వమంటే పురసభ కాదనలేదండీ" అన్నాడు. ఎనభయ్యేళ్లు వచ్చాక నేను గారునయ్యాను చూడు. వాళ్ల నాన్న నన్ను పిలిచే తీరు వేరు. కేకు మాత్రం బాగుంది.

నాకేమనిపిస్తుందంటే, సైలస్‌కి సమాధి లేదు. ఆయన పేరు ఈ భూమ్మీద చెక్కి ఉన్నది ఆ ఒక్క రాతి మీదే. ముసలివాళ్లం, మనకెందుకీ తగువు, ఉండనిద్దామా? నీ మాట రాయి.

నీ అన్న,
లెమ్

---

డెట్రాయిట్
మార్చి 24

అన్నయ్యా,

తీసేయమను.

ఏడో ఏడు నుంచి పన్నెండో ఏడు దాకా, ప్రతి ఏప్రిల్ ఇరవయ్యారున, గంజి పెట్టిన తెల్ల ఏప్రన్ కట్టుకుని ఆ రాయి పక్కన నిలబడింది నేను. నువ్వు కాదు. బానిసత్వం నిలబెట్టాలని యుద్ధం చేసిన వాళ్ల సైనికుల దినానికి సైలస్ ఇంటి పిల్ల ఒకతె కావాలి కదా. ఆ సంఘం ట్రెడ్‌వెల్ దొరసాని పూలచక్రం నా చేతికిచ్చేది. "మా తాత నమ్మకంగా ఉన్నాడు, మేమూ ఉంటాం" అని నేననాలి. వాళ్లు చప్పట్లు కొట్టాలి. నీకప్పుడు పక్కన నిమ్మరసం ఇచ్చేవాళ్లు. నువ్వు రెండు గ్లాసులు తాగేవాడివి.

పేరుంది, పేరుంది అంటావు. అబద్ధం కింద రాసిన పేరు పేరు కాదు.

పురసభలో చదవడానికి ఒక కాగితం జతచేశాను. పది వాక్యాలు. నువ్వు నిలబడి చదువు. నీ సొంత కథలేం కలపకు.

అల్తియా

---

టాల్మన్ ఫెర్రీ
మే 4

చెల్లీ,

పురసభ కూడింది. జనం కిటికీల దాకా ఉన్నారు. ముఖాలకి గుడ్డలు కట్టుకుని ఉండటంతో ఎవరేమన్నారో సగం కళ్లని బట్టి ఊహించుకోవలసి వచ్చింది. కొత్త చెవి యంత్రం వచ్చింది గానీ, అది దగ్గుని మాటకంటే గట్టిగా వినిపిస్తుంది.

హాబ్‌గుడ్ లేచి, "చరిత్రని చెరిపేయకండి" అన్నాడు. మన బెర్నీస్ వదిన కూర్చునే, "చరిత్రని ఎవడు ముట్టుకున్నాడు నాయనా? నువ్వు పార్కులో నిలబెట్టిన అబద్ధాన్ని పక్కకి జరుపుకోమంటున్నాం, అంతే" అంది. నవ్వులు. "మీ ఇంటి గోడకి అతికించుకో, మేం చూడ్డానికి వస్తాంలే" అంది మళ్లీ. మేయరు బల్ల కొట్టాడు. బల్ల కొట్టే సుత్తి కనపడక ఆయన కాఫీ కప్పుతో కొట్టాడు. ఆ కప్పు కథ ఒకటుంది గానీ ఇంకోసారి.

నీ కాగితం చదవడం కుదరలేదు. కళ్లజోడు ఇంట్లో మరిచాను. జూన్‌కి వాయిదా వేశారు. ఇక్కడ పీచెస్ ఈసారి ముందే పండేలా ఉన్నాయి.

లెమ్

---

డెట్రాయిట్
మే 19

అన్నయ్యా,

బెర్నీస్ ఫోన్ చేసింది. కళ్లజోడు నీ ముక్కు మీదే ఉందట. నువ్వు లేచి, "మా కుటుంబానికి అభ్యంతరం లేదు, రాయి ఎక్కడున్నది అక్కడ ఉండనివ్వండి" అన్నావట. హాబ్‌గుడ్ నీతో చెయ్యి కలిపాడట. మనవాళ్లు ఒక్కరూ నీతో మాట్లాడకుండా మెట్లు దిగిపోయారట.

నువ్వు అబద్ధాలాడతావని నాకు తెలుసు. చేప సైజు గురించి ఆడతావు, ఎవరితో పోట్లాడావో దాని గురించి ఆడతావు. నా నోట్లో మాట పెట్టి ఇలా ఆడతావనుకోలేదు. ఆ రాయి నీకేం పెట్టింది?

ఇక నీ సాయం అక్కర్లేదు. జూన్ సభకి నేనే వస్తున్నాను. రైలు టికెట్టు తీశాను. వచ్చినప్పుడు ఎప్పటిలాగే బెతెల్ చర్చి దగ్గర నా బిడ్డ సమాధికి పూలు పెడతాను. నన్ను అక్కడికి బెర్నీస్ తీసుకెళ్తుంది. నువ్వు రానక్కర్లేదు.

అల్తియా

---

టాల్మన్ ఫెర్రీ
మే 27

అల్తియా,

రైలు రద్దు చేసుకో. లేదా రా, కానీ ఇది చదివి రా. నాలుగు రోజులుగా ఈ కాగితం బల్ల మీదుంది. మొదలుపెట్టిన ప్రతిసారీ ఏదో పిట్టకథలోకి వెళ్లిపోతున్నాను. ఐదు కాగితాలు చింపాను.

బెతెల్ చర్చి కంచె దగ్గర బిడ్డ లేదు. ఎప్పుడూ లేదు.

1961 ఫిబ్రవరి. ట్రెడ్‌వెల్ ఇంటి వంటింట్లో నీకు జరిగిందాన్ని మనింట్లో ఎవరూ పైకి అనలేదు. ఇప్పుడూ అనను. బిడ్డ ఊపిరి లేకుండా పుట్టింది. నీకు జ్వరం, ఒళ్లు తెలియలేదు. నాన్న బెతెల్‌కి వెళ్లాడు. అక్కడి చర్చి పెద్ద, డీకన్, మంచివాడే. కానీ పాతిపెట్టాలంటే కౌంటీ కచేరీ మరణ కాగితం కావాలన్నాడు. ఆ కాగితంలో తండ్రి పేరుకి ఒక గడి ఉంటుంది. దాన్ని రాసుకునే గుమాస్తా ట్రెడ్‌వెల్ అల్లుడు. గడి ఖాళీగా వదిలితే అడుగుతారు, నింపితే మనల్ని బతకనివ్వరు. పెరట్లో పెడదామంటే ఇల్లు వాళ్లది. ఏ రోజు వెళ్లగొట్టి దున్నిస్తారో తెలియదు.

నాన్న పార్కు తోటమాలి కదా. పొద్దున్నే నన్ను లేపాడు. "ఈ ఊళ్లో తెల్లవాళ్లు ఎప్పటికీ తవ్వని చోటు ఒకటే ఉందిరా" అన్నాడు. వెళ్లింది పదింటికి, ఎండలో, అందరూ చూస్తుండగా. తోపుడుబండిలో కమీలియా మొక్క, పార, ఎరువు. ఎరువు కింద విత్తనాల పెట్టె. రాయికి తూర్పు పక్కన తవ్వాం. మొక్కకి కావలసినదానికంటే లోతుగా తవ్వాం. ట్రెడ్‌వెల్ దొరసాని అటుగా వచ్చి ఆగింది. "మరీ లోతుగా పెడితే కమీలియా బతకదోయ్" అంది నాన్నతో. "చిత్తం అమ్మా, కింద మెత్తటి మట్టి వేస్తున్నా" అన్నాడు నాన్న. ఆవిడ చూస్తుండగానే పెట్టెని దించాం. ఆవిడకది ఎరువు పెట్టె. పూలు తెలుపా ఎరుపా అని అడిగింది. "తెలుపు" అన్నాడు. ఆ ఒక్క మాట అని మట్టి లాగడం మొదలుపెట్టాడు.

నీకు బెతెల్ అని చెప్పమంది అమ్మ. నిజం తెలిస్తే నువ్వు ఊరుకోవు, నువ్వు ఊరికి దూరంగా, ప్రాణాలతో ఉండాలని. తర్వాత చెప్పాలంటే అమ్మ ఉంది. అమ్మ పోయాక చెప్పాలంటే, అప్పటికి నేను చాలాసార్లు చెప్పకుండా ఉన్నాను.

అందుకని రాయిని ఉండనివ్వమన్నాను. సైలస్ పేరు కోసం కాదు.

లెమ్యుయల్

---

డెట్రాయిట్
జూలై 2

నువ్వు రాసింది అందింది.

రైలు రద్దు చేశాను. జూన్ సభకి రాలేదు, నువ్వు గమనించే ఉంటావు.

1974 నుంచి ఆరుసార్లు వచ్చాను. ఆరుసార్లూ నన్ను కారెక్కించుకుని బెతెల్‌కి తీసుకెళ్లావు. ఆరుసార్లూ కంచె దగ్గర కారాపి, నా వెనకాల నిలబడి టోపీ తీశావు. నాలుగోసారి వాన పడుతోంది. నా మీద గొడుగు పట్టావు. ఉత్త గడ్డి మీద నేను మోకాళ్లూని ఉంటే.

ఎప్పుడూ అమ్మని అడగలేకపోయింది ఒకటుంది. అడగబోతే ఆవిడ లేచి వెళ్లిపోయేది. నీకు తెలిసుంటే చెప్పు. ఆడపిల్లా, మగపిల్లాడా?

అ.

---

టాల్మన్ ఫెర్రీ
జూలై 12

అల్తియా,

ఆడపిల్ల. నాన్న ఆదివారం చొక్కాలో చుట్టాడు. జుట్టు చాలా ఉంది. నేనొక్కసారే చూశాను. పెట్టె మూత నేనే కొట్టాను, నాలుగు మేకులు, ఇత్తడి మడతబందులు రెండు.

సభ సంగతి చెప్పాలి. నలుగురు తీసేయాలన్నారు, ముగ్గురు వద్దన్నారు. బద్దలుకొట్టడానికి చట్టం ఒప్పుకోదట, జరపచ్చట. అందుకని కొండ మీది సైనికుల శ్మశానానికి తీసుకెళ్తారు. సైలస్ ఇక ఆ తెల్ల సైనికుల మధ్య నిలబడి టోపీ పట్టుకుంటాడు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను బయటికొచ్చి ఉడకబెట్టిన వేరుశనగలు కొనుక్కుని తిన్నాను.

సెప్టెంబరు ఇరవైన యంత్రాలు వస్తాయి. రాయి కింద సిమెంటు దిమ్మె ఉంది, దాన్నీ పెళ్లగిస్తారు. చుట్టూ ఆరడుగులు తవ్వుతారు.

పురసభ గుమాస్తాని మాటల్లో మాటగా అడిగాను, తవ్వుతుంటే ఎముకలు దొరికితే ఏమవుతుందని. "అబ్బో, అప్పుడు మొత్తం ఆగిపోతుంది తాతా. సమాధి అని తేలితే కోర్టు, అనుమతులు, ఏళ్లు పడుతుంది" అన్నాడు. "ఏం, ఎవర్నైనా పూడ్చావా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

అర్థమైందా? నోరు తెరిస్తే, మర్నాడు పొద్దున హాబ్‌గుడ్ కోర్టు మెట్ల మీదుంటాడు. ఈ పసిదాని సమాధిని కదపకండి అని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. నీ బిడ్డని అడ్డం పెట్టుకుని ఆ రాయిని ఇంకో వందేళ్లు నిలబెడతాడు. తెరవకపోతే, యంత్రం పళ్లు ఆ పిల్లని మట్టితో పాటు లారీలోకి ఎత్తుతాయి.

అరవయ్యేళ్లు నీ తరఫున మేమే నిర్ణయించాం. ఇది నువ్వు చెప్పు. నువ్వు చెప్పినట్టు చేస్తాను.

లెమ్

---

డెట్రాయిట్
ఆగస్టు 3

ఎవరికీ చెప్పకు. రాయి పోవాలి.

యంత్రం కంటే ముందు నువ్వు తవ్వు. నువ్వే. ఇంకెవరి చెయ్యీ పడకూడదు. ఎలా చేస్తావో నాకు తెలియదు, నీ మోకాళ్లు ఎలా ఉన్నాయో నేనడగను. అప్పుడు మూత కొట్టినవాడివి నువ్వే కదా.

అ.

---

టాల్మన్ ఫెర్రీ
సెప్టెంబరు 23

అల్తియా,

అయింది. వరసగా చెప్తాను.

నాన్న తర్వాత పార్కులో ముప్పై ఏళ్లు పని చేసినవాడిగా ఒక అర్జీ పెట్టుకున్నాను. మా నాన్న నాటిన కమీలియా, వేళ్లతో సహా తీసుకెళ్లనివ్వండి అని. మేయరు ఒప్పుకున్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, అది కాస్త కొత్తగా అనిపించింది.

సోమవారం ఏడింటికి వెళ్లాను. పని చేయించే ఆవిడ పేరు యొలాండా, మేకన్ నుంచి వచ్చింది, మనవాళ్లే. ఇక్కడి తెల్ల కాంట్రాక్టర్లకి బెదిరింపు ఉత్తరాలు వస్తే ఎవరూ ముందుకు రాలేదు. ఆవిడకీ వచ్చాయట. చొక్కా కింద తూటా తగలని కవచం తొడుక్కుని ఉంది. "ఈ ఎండలో ఇది కట్టుకుంటే తూటా అక్కర్లేదు తాతయ్యా, ఉడికే పోతాను" అంది. లారీల నంబర్లు కనపడకుండా అట్టలు కట్టారు.

"మీకెంతసేపు కావాలి?" అంది.

"గంట."

"పొదకి గంటా?"

"ముసలి పొదమ్మా. వేళ్లు దూరం పోయుంటాయి. పెద్ద ముద్దగా తీయకపోతే చచ్చిపోతుంది."

"మావాళ్లని పంపనా?"

"వద్దు."

రోడ్డవతల హాబ్‌గుడ్ మనుషులు జెండాలు పట్టుకుని ఉన్నారు. వాళ్లలో ఒకడు, "లెమ్, పాతిపెట్టిన సొమ్ము తీస్తున్నావా?" అని అరిచాడు. నేను తవ్వుతూనే ఉన్నాను. మన ఎర్రమట్టి సంగతి నీకు తెలుసు. వాన పడితే బంక, ఎండితే ఇటుక. మూడడుగులు దిగేసరికి మోకాళ్లు చెప్పిన మాట వినలేదు, బోర్లా పడుకుని చేత్తో తీశాను.

ఎముకలు లేవు, అల్తియా. ఈ మట్టి అంత చిన్నవాటిని మిగల్చదు. నా చేతికి ఒక ఇత్తడి బందు వచ్చింది, ఆకుపచ్చగా అయిపోయి. దాని చుట్టూ మట్టి మిగతా మట్టిలా లేదు. నల్లగా, వేళ్లు అల్లుకుని ఉంది. తలగడంత జాగా. పొద వేళ్లన్నీ అక్కడికే వచ్చాయి.

తల ఎత్తితే యొలాండా గుంట అంచున నిలబడి ఉంది. నా చేతిలో బందు చూసింది. నా ముఖం చూసింది. ఇక పనయిపోయింది, ఆపేస్తుంది అనుకున్నాను. వెనక్కి తిరిగి తన మనుషులతో, "ఇంజను ఆపండి. టిఫిన్‌కి పొండి, అందరూ" అంది. "ఇప్పుడే తిన్నాం కదక్కా" అన్నాడొకడు. "మళ్లీ తినండి" అంది. లారీని నాకూ రోడ్డుకీ మధ్యకి తెచ్చి ఆపింది. దాని అవతలి పక్కన, మాకు వీపు పెట్టి నిలబడింది. నేను పని పూర్తయిందని చెప్పేదాకా తిరగలేదు.

నల్లటి మట్టి ఒక్క పిడికెడు వదలకుండా, వేళ్లతో కలిపి గోనెపట్టాలో కట్టాను. దాన్ని లారీలోకి ఎత్తేటప్పుడు మాత్రం ఆవిడ ఒక పక్క పట్టింది. నీ మాట తప్పాను. ఒక్కణ్నీ ఎత్తలేకపోయాను.

మధ్యాహ్నం రెండింటికి రాయి లేచింది. గాల్లో వేలాడుతూ ఒకసారి గుండ్రంగా తిరిగింది. సైలస్ ముఖం ఊరంతటినీ చుట్టి చూసినట్టయింది. మనవాళ్లు కొందరు పాడారు. నాకు పాట రాలేదు. కొండ మీదికి తీసుకెళ్లిపోయారు.

గోనెకట్ట మన వసారా నీడలో ఉంది. రోజూ నీళ్లు పోస్తున్నాను. బెతెల్‌లో అమ్మ పక్కన పెట్టమంటావా? నీ దగ్గరికి తేనా? డెట్రాయిట్ చలికి ఆ పొద బతకదు. పార్కులో గుంట పూడ్చారు. అక్కడ నీళ్ల ఫౌంటెన్ పెట్టాలని మేయరు, బెంచీ చాలని మిగతావాళ్లు.

చెప్పు.

లెమ్

---

డెట్రాయిట్
అక్టోబరు 6

అన్నయ్యా,

నిన్ను క్షమించానని అనుకుంటావేమో, అనుకోకు. ఆ గొడుగు దగ్గరే ఆగిపోయాను. ఇంకా ఎన్నాళ్లు బతుకుతానో తెలియదు, అక్కడి నుంచి కదులుతానో లేదో తెలియదు.

బెతెల్ వద్దు. అమ్మ పక్కన అసలే వద్దు. ఇక్కడికీ వద్దు. ఎక్కడి నుంచి తీశావో అక్కడే మళ్లీ పెట్టు. అక్కడ ఉండకూడనిది ఆ రాయి. అది పోయింది. పిల్ల ఎందుకు పోవాలి?

అక్కడ ఏ రాయీ పెట్టొద్దు. పేరు పలకా వద్దు. పేరు నాకు తెలుసు, వచ్చాక నీకు చెప్తాను.

పద్నాలుగున గురువారం దిగుతున్నాను. స్టేషనుకి బెర్నీస్ వస్తుంది. నువ్వు గోనెకట్ట తీసుకుని పదింటికి పార్కుకి రా. నాకొక కుర్చీ తీసుకురా, నిలబడలేను. నువ్వు తవ్వు, నేను చూస్తాను. మేయరు వస్తాడు, ఎవరి అనుమతితో అంటాడు. హాబ్‌గుడ్ కూడా వస్తాడు. రానీ. ఇప్పుడది సమాధి అని తేలితే ఆగేది ఫౌంటెనే.

ఏం చేస్తున్నారని ఎవరైనా అడిగితే నువ్వు నోరెత్తకు. ఎవరి ఇంట్లో, ఏ సంవత్సరం, ఎవరి కొడుకు, అన్నీ నేను చెప్తాను.

అల్తియా